కారు ఆయిల్ ఫిల్టర్: ధర పెరిగితే ఇంజిన్ ఆయుష్షు పెరుగుతుందా?

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌లో కారు సర్వీసింగ్ చేయించదలచిన వారికి సాధారణంగా మూడు దారులుంటాయి. ఒకటి, కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్. రెండోది, వీధి చివర ఉండే మెకానిక్. మూడోది, యమున దాటి కశ్మీరీ గేట్ విడిభాగాల మార్కెట్‌కు వెళ్లి కావలసిన వస్తువులను స్వయంగా కొని తెచ్చుకోవడం. ఏ దారిలో వెళ్లినా ఇంజిన్ ఆయిల్ మార్చే సమయంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒకే కారుకు, చూడటానికి ఒకేలా కనిపించే ఆయిల్ ఫిల్టర్లు వేర్వేరు ధరలకు దొరుకుతున్నాయి. వాటి మధ్య నిజంగా తేడా ఉందా?

క్లుప్తంగా చెప్పాలంటే, తేడా ఉంది. అయితే అది ఎల్లప్పుడూ ధరను బట్టి ఉండదు. చవకైన అసలు ఫిల్టర్‌కూ ఖరీదైన అసలు ఫిల్టర్‌కూ మధ్య ఉన్న వ్యత్యాసం కన్నా, అసలు ఫిల్టర్‌కూ నకిలీ ఫిల్టర్‌కూ మధ్య ఉన్న వ్యత్యాసమే ఇంజిన్‌కు ప్రమాదకరం.

ఆయిల్ ఫిల్టర్ చేసే పని ఏమిటి?

ఇంజిన్‌లో లోహ భాగాలు ఒకదానితో ఒకటి రాసుకోకుండా వాటి మధ్య పలుచని ఆయిల్ పొర ఉంటుంది. గాలితో పాటు లోపలికి చేరే దుమ్ము, ఇంధనం మండినప్పుడు ఏర్పడే మసి, భాగాలు అరగడం వల్ల రాలే లోహపు రేణువులు ఈ ఆయిల్‌లో కలుస్తాయి. పంపు నుంచి వచ్చే ఆయిల్ బేరింగులకు చేరేలోగా ఈ మలినాలను ఆపవలసినది ఫిల్టరే.

వాహనాలకు ఆయిల్ ఫిల్టర్ 1920ల నాటి ఆవిష్కరణ. అమెరికాలో 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ దానికి పేటెంట్ పొంది ‘ప్యూరోలేటర్’ అని పేరు పెట్టారు. తొలినాటి ఫిల్టర్లు ఆయిల్‌లో కొంత భాగాన్ని మాత్రమే వడపోసేవి. నేటి కార్లలో ఇంజిన్‌కు వెళ్లే ఆయిల్ మొత్తం ఫిల్టర్ గుండానే ప్రవహిస్తుంది. అందువల్ల దాని నాణ్యత ప్రభావం నేరుగా ఇంజిన్ మీద పడుతుంది.

డబ్బా లోపల ఏముంటుంది?

పైకి కనిపించే రేకు డబ్బా ఒక తొడుగు మాత్రమే. అసలు పని చేసేది లోపల మడతలు మడతలుగా అమర్చిన వడపోత కాగితం. సాధారణ ఫిల్టర్లలో ఇది సెల్యులోజ్‌తో తయారవుతుంది. ఖరీదైన వాటిలో కృత్రిమ పీచును గానీ, రెండింటి మిశ్రమాన్ని గానీ వాడతారు. కృత్రిమ పీచు సన్నగా, సమంగా ఉంటుంది గనుక ఆయిల్ ప్రవాహానికి పెద్దగా అడ్డుపడకుండానే చిన్న రేణువులను పట్టగలదు. ఎక్కువ కాలం మన్నుతుంది కూడా.

కాగితంతో పాటు మరో రెండు భాగాలు కీలకమైనవి. మొదటిది బైపాస్ వాల్వ్. ఫిల్టర్ మలినాలతో పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా ఇది తెరుచుకుని ఆయిల్‌ను వడపోత లేకుండానే ఇంజిన్‌కు పంపుతుంది. మలిన ఆయిల్‌తో నడిస్తే ఇంజిన్ అరుగుతుంది. అసలు ఆయిలే అందకపోతే నిమిషాల్లో పాడవుతుంది. ఈ వాల్వ్ అవసరం అక్కడే ఉంది. అది నిర్ణీత పీడనం కన్నా ముందే తెరుచుకుంటే వడపోత జరగదు. తెరుచుకోవలసినప్పుడు తెరుచుకోకపోతే ఇంజిన్‌కు ఆయిల్ అందదు.

రెండోది, ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వ్. ఇది సరిగా లేకపోతే మరునాటి ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పై భాగాలకు ఆయిల్ అందక లోహపు చప్పుడు వినిపిస్తుంది. చవక ఫిల్టర్లలో ఈ వాల్వ్‌కు నైట్రైల్ రబ్బరును, ఖరీదైన వాటిలో వేడికీ చలికీ తట్టుకునే సిలికోన్‌ను ఎక్కువగా వాడతారు. కొన్ని కార్లలో మార్చేది కాగితపు గుళికను మాత్రమే. ఈ వాల్వులు ఇంజిన్‌కు బిగించిన గూడులోనే ఉంటాయి.

‘99 శాతం’ అంటే ఏమిటి?

ఫిల్టర్ డబ్బాల మీద ‘99 శాతం వడపోత’ వంటి మాటలు కనిపిస్తుంటాయి. ఎంత పరిమాణంలోని రేణువులను 99 శాతం ఆపుతుందో చెప్పనంత వరకు ఆ అంకెకు అర్థం లేదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 40 మైక్రాన్ల రేణువులను ఆపడం తేలిక. 20 మైక్రాన్ల లోపు వాటిని ఆపడమే కష్టం. బేరింగులలోని సన్నని సందుల్లో చొరబడి వాటిని అరగదీసేవి ఈ చిన్న రేణువులే. ఫిల్టర్ సామర్థ్యాన్ని కొలవడానికి ఐఎస్ఓ 4548-12 అనే అంతర్జాతీయ పరీక్షా విధానం ఉంది. ఆ పరీక్ష పేరు, మైక్రాన్ల అంకె రెండూ పేర్కొన్న కంపెనీ మాటకు విలువ ఎక్కువ.

ఈ తేడా ఇంజిన్ అరుగుదల మీద ఎంత ప్రభావం చూపుతుందన్న దానిపై 1988లో జనరల్ మోటార్స్ సంస్థ ఇంజనీర్లు వెలువరించిన అధ్యయనాన్ని నేటికీ ఉదాహరిస్తుంటారు. 40 మైక్రాన్ల స్థాయి ఫిల్టర్‌తో పోలిస్తే, 30 మైక్రాన్ల ఫిల్టర్‌తో అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్ల ఫిల్టర్‌తో 70 శాతం తగ్గినట్లు అందులో తేలింది. అయితే ఫలితం త్వరగా తెలియడం కోసం ఆ పరీక్షలో ఆయిల్‌లోకి దుమ్మును కావాలని కలిపారు. సమయానికి ఆయిల్ మార్చే కారులో తేడా అంత కొట్టొచ్చినట్లు కనిపించదు.

ఢిల్లీ దుమ్ములో లెక్క మారుతుందా?

కొంత మారుతుంది. వికాస్ మార్గ్ మీద ఐటీవో వైపు కదిలే వాహనాల వరుసను చూసిన వారికి కారణం తెలిసిందే. కారు కొద్ది దూరమే వెళ్లినా ఇంజిన్ మాత్రం గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఓడోమీటరు ఆ శ్రమను చూపదు. చాలా పెట్రోలు కార్లకు తయారీదారులు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్చాలని చెబుతారు. దుమ్ము, ఎడతెగని ట్రాఫిక్, తరచు చిన్న ప్రయాణాలు ఉన్నచోట అంతకన్నా ముందే మార్చాలని యజమాని పుస్తకాల్లో వేరుగా సూచిస్తారు. సీఎన్‌జీ కార్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకొక విషయం. దుమ్ము ఇంజిన్‌లోకి ప్రధానంగా ప్రవేశించేది గాలి ద్వారా. ఖరీదైన ఆయిల్ ఫిల్టర్ కొని, ఎయిర్ ఫిల్టర్‌ను పట్టించుకోకపోవడం వాకిలి తెరిచి ఇల్లు ఊడ్చినట్లే అవుతుంది.

చవకది వాడితే వారంటీ పోతుందా?

కార్ల కంపెనీలు చాలావరకు ఫిల్టర్లను స్వయంగా తయారు చేయవు. వాటికి సరఫరా చేసే సంస్థలే సొంత పేరుతోనూ బజారులో అమ్ముతుంటాయి. విడిభాగాలను తమ డీలర్లకే పరిమితం చేసి, స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. స్వతంత్ర మెకానిక్ వద్ద మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే నిబంధన పెట్టరాదని కూడా ఆదేశించింది. దీనిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి.

లోపభూయిష్ఠమైన ఫిల్టర్ వల్లే ఇంజిన్ పాడైతే ఆ నష్టానికి వారంటీ కోరడం కష్టమే. కాబట్టి వారంటీ ఉన్నంత కాలం కంపెనీ సూచించిన పార్ట్ నంబరుకు సరిపోయే ఫిల్టర్‌నే వాడి, బిల్లు భద్రపరచుకోవడం మేలు.

అసలు ముప్పు నకిలీలతోనే

చిన్న పెట్రోలు కార్ల అసలు ఫిల్టర్లు మన దేశంలో పెద్ద ఖరీదేమీ కాదు. చాలా మోడళ్లకు వంద రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. నకిలీ కొని మిగుల్చుకునేది కొద్ది పదుల రూపాయలు. ఇంజిన్ విప్పవలసి వస్తే అయ్యే ఖర్చు వేలల్లో. క్యాబ్ నడుపుకుని బతికే వారికైతే దానికి తోడు బండి ఆగిన రోజుల సంపాదన కూడా పోతుంది.

నకిలీ ఫిల్టర్‌లో మడతలు తక్కువగా, ఎడంగా ఉంటాయి, అతుకులు ఊడిపోతాయి, వాల్వ్ పేరుకే ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. బయటి డబ్బా మాత్రం అచ్చుగుద్దినట్లు ఉంటుంది. ఢిల్లీలోని విడిభాగాల మార్కెట్లలో నకిలీ సరుకు కోసం పోలీసులు పలుమార్లు దాడులు జరిపారు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా కొనుగోలుదారు ఇదే జాగ్రత్త పాటించాలి. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం నకిలీ ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

యజమాని పుస్తకంలోని పార్ట్ నంబరుతో డబ్బా మీది నంబరును సరిచూసుకోవాలి. మర బిగిసినంత మాత్రాన సరైన ఫిల్టర్ అనుకోరాదు. బైపాస్ పీడనం వేరుగా ఉండవచ్చు. ఎంఆర్‌పీ, తయారీ తేదీ, తయారీదారు చిరునామా స్పష్టంగా ముద్రించి ఉండాలి. బిల్లు ఇవ్వని దుకాణంలో కొనకూడదు. మెకానిక్ తెచ్చిన ఫిల్టర్ అయితే సీలు మీ ఎదుటే విప్పమనాలి. ఖాళీ డబ్బాను చింపి పారేయాలి. లేకుంటే అదే డబ్బాలో నకిలీ సరుకు మళ్లీ బజారుకు చేరవచ్చు. మోసపోయామని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

మరి ఖరీదైన ఫిల్టర్ ఎవరికి? సింథటిక్ ఆయిల్ పోసి ఎక్కువ దూరానికి ఒకసారి మార్చే వారికి, టర్బో ఇంజిన్ ఉన్న వారికి, కారును చాలా ఏళ్లు ఉంచుకోదలచిన వారికి దాని వల్ల ప్రయోజనం ఉంటుంది. సమయం తప్పకుండా ఆయిల్ మార్చే సాధారణ కారు యజమానికి కంపెనీ సూచించిన మామూలు అసలు ఫిల్టర్ చాలు. ఖరీదైన ఫిల్టర్ బిగించి ఆయిల్ మార్చడం ఆరు నెలలు వాయిదా వేసే వారి కన్నా, మామూలు ఫిల్టర్‌ను గడువుకు మార్చే వారి ఇంజినే ఎక్కువ కాలం నిలుస్తుంది.