ఆకు రాలితేనే చిగురు

షాద్‌నగర్ దాటి జడ్చర్ల దారి పడితే వచ్చే బాలానగర్ పేరు ఒక పండుకు స్థిరపడిపోయింది. మహారాష్ట్ర రైతును అడిగినా బాలానగర్ అంటే సీతాఫలంలో ఒక రకమనే చెబుతాడు. దీపావళి వెళ్లి రోడ్డు పక్క గంపలు ఖాళీ అయ్యాక ఆ చెట్టును తలచుకునేవాళ్లు తక్కువ. వచ్చే ఏటి కాపు తేలేది మాత్రం ఎవరూ పట్టించుకోని ఆ నెలల్లోనే.

చాలా చెట్లకు మొగ్గ ఆకు తొడిమ పక్కన పైకి కనబడుతుంది. సీతాఫలానికి అది తొడిమ అడుగునే దాగి ఉంటుంది. ఆకు ఊడితే తప్ప బయటికి రాలేదు. జనవరి తర్వాత ఆకులు పండి రాలుతుంటే చెట్టు ఎండిపోతోందని కంగారుపడి నీళ్లు పెట్టేవాళ్లున్నారు. అక్కర్లేదు, ఆ రాలడం చెట్టుకు కావలసిందే. కొమ్మ కొసలు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేస్తే చిగురు ఒక్కసారిగా వస్తుంది. ఇలా ఆకులు తీసేయడం చలిదేశాల్లో స్ట్రాబెర్రీకీ ఉంది, కోత అవగానే పాత ఆకులను కోసేస్తారు. అక్కడ మొగ్గలు నేలకు ఆనుకున్న పొట్టి కాండంలో ఉంటాయి కాబట్టి దానికి కత్తి తగలనివ్వరు.

మన చెలకల్లో కత్తిరింపులకు ఫిబ్రవరి, మార్చి అనువు. కొసలతో పాటు ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీసేస్తే చాలు. కొమ్మకే అతుక్కుని నల్లగా గట్టిపడ్డ కాయలను చాలామంది వదిలేస్తారు. తెగుళ్లు వాటిలోనే నిలిచి ఉంటాయి, ఏరి కాల్చేయాలి. పిండినల్లి విసర్జించే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి గ్రీజు పూస్తే అవి పైకి ఎక్కలేవు.

ఇంత చేసినా పూసిన పూలలో పిందె కట్టేవి కొన్నే. ఒకే పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది. పుప్పొడి రాలేసరికి దాని గడువు దాటిపోతుంది. వేరే పువ్వు నుంచి పుప్పొడి తెచ్చేది చిన్న చిన్న పెంకుపురుగులు. ఎండాకాలపు పొడిగాలికి పుప్పొడి పట్టే కీలాగ్రం ఆరిపోతుంది గనుక తొలకరి పడి గాలిలో తేమ చేరాకే పిందెలు నిలుస్తాయి. పండు మీది ఒక్కో కన్నూ ఒక్కో అండాశయం. పుప్పొడి అందని వైపు కన్ను ఎదగదు, పండు వంకరపోతుంది.

దీనికి విరుగుడుగా చేతి పరాగసంపర్కం ఉంది. రెక్కలు బాగా విచ్చిన పూల పుప్పొడిని మెత్తని కుంచెతో అప్పుడప్పుడే విచ్చుకుంటున్న పూలకు అంటించడమే. ఎకరాల తోటకు కూలి గిట్టదు కానీ, పెరట్లో రెండు చెట్లున్నవాళ్లు పొద్దున్నే చేసుకోవచ్చు.