వనమానుషుని నామము

బిడ్డ మారాము చేసినపుడు బూచివానిఁ బిలువని తల్లి మన తెలుఁగునాట నరుదు. కెనడా దేశపుఁ బడమటి తీరమున, బ్రిటిష్ కొలంబియా యడవులయందలి తల్లులకును అట్టి బూచి యొకతె కలదు. దాని కథయు, ఆ ప్రాంతమందే ప్రసిద్ధుఁడైన వనమానుషుని నామచరిత్రమును సోదరీమణులకు వినోదముతోపాటు వివేకమునుఁ గూర్చునని యిచట వ్రాయుచున్నాము.

క్వాక్వక్యవాక్ జాతివారు ఈ రక్కసిని జూనుక్వా యందురు. భారీ శరీరము, నల్లని మేను, చింపిరి తల, హూ హూ యని యఱచుటకై సున్నవలెఁ జుట్టిన పెదవులు, వీఁపున నొక బుట్ట. చెప్పినమాట వినక యడవికిఁ బోయిన పిల్లలను ఆ బుట్టలో వేసికొని పోవునఁట. కాని యది నిద్రమొగము. తెలివిగల పిల్లలు తప్పించుకొని వత్తురు. మఱియు నది సిరుల నొసఁగునది. మన భారతమందలి హిడింబ రక్కసి యయ్యుఁ బాండవులకు మేలు చేయలేదా? పాట్లాచ్ అను దానపు విందులలో జూనుక్వా ముసుగు ధరించి నృత్యము చేయుదురు. 1885 మొదలు 1951 వఱకు ప్రభుత్వము ఆ విందులను నిషేధించెను. కథను మాత్రము మాన్పలేకపోయెను.

దక్షిణమున హారిసన్ నదీతీరవాసులగు స్టహేలిస్ జాతివారు సాస్‌కెట్స్ అను వనమానుషునిఁ జెప్పుదురు. వారికతఁడు నేలను గాచు మాన్యుఁడు. అచట నుపాధ్యాయుఁడైన జె. డబ్ల్యు. బర్న్స్ ఆ కథలను విని, 1929లో మెక్లీన్స్ పత్రికలో వ్రాసెను. ఆయన వ్రాఁతచేఁ ఆ పేరు సాస్క్వాచ్ అని మాఱి లోకమునకుఁ దెలిసెను.

తరువాత 1958లో, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు, బ్లఫ్ క్రీక్ వద్ద బాట వేయువారు 16 అంగుళముల యడుగుజాడలను జూచిరి. పెద్దపాదమను నర్థముగల బిగ్‌ఫుట్ అను పేరు పత్రికలచే వ్యాపించెను. 2002లో రే వాలెస్ అను కంట్రాక్టరు మరణించిన పిమ్మట, ఆ జాడలు కొయ్యపాదములతో నాయన వేసినవే యని కుటుంబమువారు తెలిపిరి.

బిగ్‌ఫుట్టును నమ్మినవారు నేఁటికిని రుజువుకై వెదకుచున్నారు. జూనుక్వా కథ చెప్పు తల్లికి రుజువుతోఁ బనిలేదు. బిడ్డ యొంటరిగా నడవికిఁ బోకున్నఁ జాలును. సాస్‌కెట్స్ పేరు వినిన బాలునకు నేలయెడ భక్తి కలిగినఁ జాలును. పాదమును గొలిచినవారు పెట్టిన పేరునందు కొలత మాత్రమే మిగిలినది. పరజాతివారి కథలను మన పిల్లలకుఁ జెప్పునపుడు, వారి తల్లులు పలుకు పేరుతోనే చెప్పుద మని మా మనవి.