పడమటి కొండల్లో చల్లని దారులు
నడకకు, సైకిల్ సవారీకి అనువైన మదనపల్లె ప్రాంతం

మదనపల్లె: చిత్తూరు సీమ వాసులు ‘పడమటి మండలాలు’ అని పిలుచుకునే ప్రాంతంలో మదనపల్లెకు చల్లని ఊరని పేరు. ఇక్కడి హార్సిలీ హిల్స్ ఎందరో పర్యాటకులకు సుపరిచితం. అయితే వచ్చినవారిలో అధికులు కారులోనో, బస్సులోనో కొండపైకి చేరి, గాలిబండ వద్ద కొంతసేపు గడిపి తిరుగుముఖం పడుతున్నారు. ఈ వాతావరణం వల్ల కలిగే అసలు ప్రయోజనం మాత్రం కాలినడకన గాని, సైకిల్‌పై గాని తిరిగేవారికే దక్కుతుంది. అందుకు కారణాలతో పాటు పాటించవలసిన జాగ్రత్తలూ ఉన్నాయి.

ఎందుకింత చల్లదనం?

సముద్ర మట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ మేరకు ఉష్ణోగ్రత తగ్గుతుంది. తిరుపతి పట్టణం సుమారు 160 మీటర్ల ఎత్తున ఉండగా, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. హార్సిలీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఈ లెక్కన తిరుపతి కన్నా మదనపల్లెలో మూడు నాలుగు డిగ్రీలు, మదనపల్లె కన్నా కొండపైన మరో మూడు నాలుగు డిగ్రీలు తక్కువగా ఉండటం సహజం.

శ్రమించే శరీరానికి ఈ తేడా స్వల్పమైనది కాదు. సైకిల్ తొక్కేటప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడి చెమట ఆరడం ద్వారా బయటకు పోవాలి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప త్వరగా ఆరదు. ఇక్కడి పొడిగాలిలో వెంటనే ఆరిపోతుంది. అందువల్లనే ఒకే మనిషి అక్కడికన్నా ఇక్కడ ఎక్కువ దూరం అలసట లేకుండా వెళ్లగలుగుతాడు.

ఆరోగ్యవరం చెప్పే పాఠం

ఈ వాతావరణాన్ని గుర్తించినవారిలో తెల్లదొరలు ముందున్నారు. ఏనుగు మల్లమ్మ కొండగా స్థానికులు పిలిచే ఈ కొండపై 1860వ దశకంలో కడప కలెక్టరు హార్సిలీ వేసవి విడిది కట్టించుకున్నారు. ఆయన పేరే కొండకు స్థిరపడింది. తరువాత 1915లో మదనపల్లె సమీపాన క్షయ రోగుల శానటోరియం వెలిసింది. అదే నేటి ఆరోగ్యవరం. నాడు క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారమే చికిత్స.

1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఈ నమ్మకాన్ని మార్చింది. శానటోరియంలో ఉన్నవారికి, ఇంటివద్దనే మందులు వాడినవారికి ఫలితంలో చెప్పుకోదగిన తేడా లేదని 1959లో వెల్లడైంది. అంటే చల్లగాలి దానంతట అదే జబ్బు నయం చేయదు. నేటి వైద్యశాస్త్రం చెప్పేదీ ఇదే. ఆరోగ్యానికి మేలు చేసేది శారీరక శ్రమ. ఆ శ్రమను తేలిక చేయడమే చల్లని వాతావరణం చేసే ఉపకారం. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున వేగంగా నడిస్తే ఆ లెక్క పూర్తవుతుంది.

మొదట చెరువు కట్ట

కొత్తవారు నేరుగా కొండెక్కడం తగదు. ఈ ప్రాంతంలో చెరువు కట్టలు, టమోటా తోటల నడుమ సాగే పల్లె దారులు చాలా ఉన్నాయి. రెండు మూడు వారాలు వీటిపై ఉదయపు వేళ నడిచినా, సైకిల్ తొక్కినా కాళ్లకు, ఊపిరితిత్తులకు అలవాటవుతుంది. పక్కవారితో మాట్లాడుతూ వెళ్లగలిగితే అది సరైన వేగం. మాట తడబడేంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

జాతీయ రహదారిపై లారీల రద్దీ ఉంటుంది. టమోటా సీజనులో అది మరింత పెరుగుతుంది. వీలైనంత వరకు పల్లె దారులనే ఎంచుకోవాలి. హెల్మెట్, వెనుక ఎర్రదీపం తప్పనిసరి.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం

మదనపల్లె నుంచి కొండపైకి చేరేసరికి 550 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. తక్కువ గేరులో, తొందర లేకుండా తొక్కితే అది అసాధ్యం కాదు. ప్రమాదం పొంచి ఉండేది తిరుగు ప్రయాణంలోనే. వాలులో బ్రేకును అదేపనిగా పట్టి ఉంచితే చక్రం అంచు వేడెక్కి పట్టు సడలుతుంది. రెండు బ్రేకులను కలిపి, కొద్దికొద్దిగా పట్టి వదులుతూ, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. బయలుదేరే ముందే బ్రేకు కట్టెల అరుగుదల చూసుకోవాలి. చెమటతో తడిసిన ఒంటికి దిగేటప్పుడు చలిగాలి కొడుతుంది కనుక పలుచని జర్కిన్ వెంట ఉండాలి.

చల్లదనం దాహాన్ని మరిపిస్తుంది. చెమట కనిపించనంత మాత్రాన పట్టలేదని కాదు. గంటకు అర లీటరు నీరు తాగాలి. వాన కురిసిన మరునాడు బండలు జారుతాయి. గాలిబండ అంచున నిలబడటం, ఉరుముల వేళ బండలపై ఉండటం ప్రాణాంతకం.

అడవికి కీడు చేయరాదు

వేసవికి ముందే కొండపై గడ్డి ఎండుతుంది. ఆర్పకుండా పారవేసిన ఒక్క బీడీ ముక్క చాలు, అడవి అంటుకోవడానికి. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్టకు ఈ కొండలు ఆవాసం. ఇది ప్రపంచవ్యాప్తంగా ముప్పును ఎదుర్కొంటున్న పక్షుల జాబితాలో ఉన్నది. ఉన్న బాట వదలి పొదల్లోకి చొరబడరాదు. అటవీ ప్రాంతంలోని కాలిబాటల్లోకి వెళ్లదలచినవారు ముందుగా అటవీ సిబ్బంది అనుమతి పొందాలి. తీసుకువెళ్లిన ప్లాస్టిక్ సీసాలు తిరిగి తెచ్చుకోవాలి.

ఇలా చేరుకోవాలి

మదనపల్లె నుంచి అంగళ్లు మీదుగా హార్సిలీ హిల్స్ సుమారు 30 కిలోమీటర్లు. మదనపల్లె నుంచి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. రైలులో వచ్చేవారు పాకాల-ధర్మవరం మార్గంలోని మదనపల్లె రోడ్ స్టేషనులో దిగాలి. స్టేషను పట్టణానికి దూరంగా ఉంటుంది. కొండపై పర్యాటకాభివృద్ధి సంస్థ అతిథి గృహాలు కలవు. వానలు తగ్గిన డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు, సైకిల్ సవారీకి మిక్కిలి అనుకూలం. మంచు కురిసే ఉదయాల్లో మాత్రం తెరిపి ఇచ్చిన తరువాతే ఘాట్ రోడ్డులోకి వెళ్లడం మంచిది.