అప్‌గ్రేడ్ అయింది... సర్వీసు లేవలేదు!

కరెంటు పోయి వస్తే సీలింగు ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది. సర్వర్ అలా కాదు. ఏ ప్రోగ్రాం ముందు లేవాలో, ఏది తర్వాత లేవాలో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. ఆ రాతే స్టార్టప్ స్క్రిప్టు. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కంప్యూటర్ ఆన్ అవుతుంది కానీ దానిమీద నడవాల్సిన పని నడవదు.

హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట్ పరిసరాలనే చూడండి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణం, జినోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు, మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు... ఇలాంటి చోట్ల సర్వర్ పడుకుంటే ఫీజు కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది, ల్యాబ్‌లో లెక్కలు ఆగిపోతాయి.

ఒక్క అప్‌డేట్ ఎంత పని చేయగలదో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక చిన్న ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంపెనీ 78 నిమిషాల్లోనే తప్పు దిద్దింది. కానీ అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటి దగ్గరికి మనుషులే వెళ్లి ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది.

పెద్దరికం మారింది

లైనక్స్ సర్వర్లలో ఒకప్పుడు స్క్రిప్టులన్నీ ఇనిట్-డి అనే ఫోల్డర్లో ఉండేవి. వాటికి ఇచ్చిన అంకెను బట్టి 20 ముందు, 80 తర్వాత, వరుసగా లేచేవి. 2010లో సిస్టమ్‌డీ వచ్చింది. 2014లో రెడ్ హ్యాట్ 7, 2015లో డెబియన్ 8 దానికే పెద్దరికం అప్పగించాయి. వీలైనవన్నీ ఒకేసారి లేపడం దీని పద్ధతి. పాత స్క్రిప్టులో ‘డేటాబేస్ తర్వాతే నేను’ అని రాసి లేకపోతే, డేటాబేస్ లేవకముందే అప్లికేషన్ దాన్ని వెతుక్కుని, దొరక్క చతికిలపడుతుంది.

చేత్తో నడిపితే నడుస్తుందే!

అడ్మిన్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. మనిషి లాగిన్ అయినప్పుడు ప్రోగ్రాములు ఎక్కడున్నాయో చెప్పే దారుల జాబితా వెంట వస్తుంది. బూట్ సమయంలో ఆ జాబితా పూర్తిగా ఉండదు. అప్‌గ్రేడ్‌తో జావా ఫోల్డర్ పేరు మారినా ఇదే గొడవ. ‘రన్’ ఫోల్డర్ సంగతి మరొకటి. కొత్త లైనక్స్‌లలో అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి రీబూట్‌తో ఖాళీ అవుతుంది. అందులో తన సబ్‌ఫోల్డర్ ఉంటుందని నమ్ముకున్న సర్వీసుకు గుర్తింపు నంబరు రాసుకునే చోటే ఉండదు. ఉబుంటు 2006లో, డెబియన్ 2011లో ‘ఎస్‌హెచ్’ పేరు వెనకున్న బ్యాష్‌ను తీసి డ్యాష్‌ను పెట్టాయి. పేరు అదే, మనిషి వేరు! బ్యాష్ యాసలో రాసిన స్క్రిప్టులు దానికి అర్థం కాలేదు.

ఏం చేయాలి?

కంగారులో పదేపదే రీస్టార్ట్ కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ముందు ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’ చూడాలి. తర్వాత ‘జర్నల్‌సీటీఎల్’లో ఆ సర్వీసు చిట్టా తిరగేయాలి. చివరి తప్పును కాదు, మొట్టమొదటి తప్పును పట్టుకోవాలి. మిగతావి చాలావరకు దాని పిల్లలే. స్క్రిప్టులో ప్రతి దారినీ పూర్తిగా రాయాలి. సర్వీసు ఏ యూజర్ పేరుతో నడుస్తుందో ఆ పేరుతోనే పరీక్షించాలి. యూనిట్ ఫైలు మార్చాక ‘డెమన్ రీలోడ్’ చెప్పకపోతే సిస్టమ్‌డీ పాత పాటే పాడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అప్‌గ్రేడ్ రోజునే, మనుషులు దగ్గరుండగానే ఒకసారి రీబూట్ చేసి చూడటం. లేకపోతే ఆ తప్పు నెలల తరబడి దాక్కుని, ఏ అర్ధరాత్రో కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది.