పిక్చర్ ట్యూబు మారినచో కళాఖండము మారునా?

తాళపత్రము శిథిలమైనచో లేఖకుడు మఱియొక పత్రముపై ప్రతి వ్రాయును. ఆకు మారినను కావ్యము మారదు. యంత్రమే ఆధారముగాగల కళాఖండమునకు ఈ న్యాయము వర్తించునా?

కొరియాలో జన్మించిన నామ్ జూన్ పైక్ (1932–2006) కృతులు రెండింటిని పరిశీలింతము. 1965 నాటి ‘మాగ్నెట్ టీవీ’లో ఆతడు టెలివిజన్ పెట్టెపై పెద్ద అయస్కాంతము నుంచెను. పిక్చర్ ట్యూబులో తెరవైపు పరుగిడు ఎలక్ట్రానుల ధారను అయస్కాంతము వంచును. తెరపై మెలికలు తిరిగిన కాంతిరేఖ లేర్పడును. అయస్కాంతమును కదపినచో బొమ్మయు మారును. ఈ చిత్రమునకు ట్యూబే జన్మస్థానము. ఎల్.సి.డి. తెరలో అట్టి ధారయే లేదు. దానిపై ఎంతటి అయస్కాంతము నుంచినను ఈ చిత్రము పుట్టదు.

సియోల్ సమీపమున, గ్వాచన్‌లోని జాతీయ కళాప్రదర్శనశాలయందు 1988లో నెలకొల్పిన ‘దాదాయిక్‌సన్’ తీరు వేఱు. 1003 టెలివిజన్లతో 18.5 మీటర్ల యెత్తున కట్టిన గోపురమిది. (ఆ సంఖ్య అక్టోబరు 3ను, అనగా కొరియా జాతి స్థాపనదినమును సూచించును.) వీడియోలను చూపుటయే ఇందలి ట్యూబుల పని. అవి జీర్ణించుటచే 2018లో దీనిని ఆర్పివేసిరి. 737 తెరలను బాగుచేసియో, వాడిన ట్యూబులు తెచ్చియో నిలిపి, పైభాగమందలి 266 చిన్న తెరలకు మాత్రము ఎల్.సి.డి.లను బాహ్యరూపము చెడకుండ అమర్చి, 2022లో మరల వెలిగించిరి.

ఈ మార్పు క్షమింపదగినదే. ఐనను ఉబ్బిన గాజుతెర వెలుగును, చదునైన తెర వెలుగును ఒక్కటి కావు. ఆ 266 తెరలను పాఠాంతరములుగా పరిగణించి, వాని స్థానములను పరిష్కర్త ప్రేక్షకునకు తెలుపవలెనని నా యభిప్రాయము.