కొలత చూసి కొనండి!

జీన్స్ ప్యాంట్లకు పేరుపడ్డ రాయదుర్గంలో కొలత చూడకుండా ఎవరూ గుడ్డకు కత్తెర పెట్టరు. పిల్లల చదువు కోసం ట్యాబ్లెట్ కొనేటప్పుడూ అదే సూత్రం. కష్టపడి కూడబెట్టిన డబ్బు మరి!

'ఆకాశ్' గుర్తుందా? 2011 అక్టోబరులో వచ్చిన ఈ ట్యాబ్లెట్ హైదరాబాద్‌లోనే తయారైంది. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,250 రూపాయలు. అంత చవకా అని అందరూ ఆశ్చర్యపోయారు. కానీ ర్యామ్ 256 ఎంబీయే, తెరేమో గట్టిగా నొక్కితేగానీ పలకదు. దాంతో 2012లో మెరుగుపరచిన ఆకాశ్-2 తేవాల్సి వచ్చింది. అంటే ధర ఒక్కటే చూస్తే చాలదన్నమాట.

పాఠాలు, వీడియోలకైతే 8 నుంచి 10 అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, 64 జీబీ మెమరీ ఉంటే సరిపోతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే దాని హాట్‌స్పాట్‌తోనే నెట్ వాడుకోవచ్చు. అప్పుడు సిమ్ లేని వైఫై మోడల్ తీసుకుంటే కొంత డబ్బు మిగులుతుంది. టైపింగ్, లెక్కల పని ఎక్కువైతే మాత్రం ల్యాప్‌టాప్ వైపు చూడటమే మేలు.

సిగ్నల్ సరిగా అందని ఊళ్లవాళ్లు మెమరీ కార్డు పెట్టుకునే వీలుందో లేదో చూడాలి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబ్‌లలో పాఠాలు ముందే ఎక్కించింది అందుకే... నెట్ లేకున్నా చదువు ఆగకూడదని.

సర్వీస్ సెంటర్ అనంతపురంలో ఉందా, బళ్లారి వెళ్లాలా అన్నదీ ముందే అడగండి. చివరగా, దుకాణంలోనే పిల్లలతో ఓ వీడియో పాఠం తెరిపించి పది నిమిషాలు చూడనివ్వండి. అక్కడే తడబడే ట్యాబ్ ఇంటికొచ్చాక పరుగులు పెట్టదు!