జేజి చెప్పించిన పేర్లు

మా కడప వైపు నాన్నమ్మను జేజి అంటారు. పసిపిల్లలకు పటం చూపించి దండం పెట్టించేటప్పుడూ "జేజికి మొక్కు" అనే అంటారు. చిన్నప్పుడు నాకు ఈ ఇద్దరు జేజిలకూ పెద్ద తేడా తెలిసేది కాదు.

మా జేజి ఈ మాఘమాసంలో కాలం చేసింది. 86 ఏళ్లు. దజీజ్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్‌లోనే చివరి చూపు చూశాను. సెలవు దొరకలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కడప నుంచి రాజంపేట పోయే దారిలో ఒంటిమిట్ట ఉంది. అక్కడి కోదండరాముడే ఆమెకు అన్నీ. వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడిగి ఆ గుడిని బాగుచేయించిన కథ ఎన్నిసార్లు చెప్పిందో! వాళ్ల అవ్వ కూడా ఆ చిప్పలో ఒక అణా వేసిందట. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం పగలు కాదు, రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. చాపలు, పులిహోర డబ్బా, మనవలు, మనవరాళ్లు అందరం వెళ్లేవాళ్లం. నిద్రపోతే తలంబ్రాల వేళకు గిల్లి లేపేది.

అసలు ముచ్చట అర్చన దగ్గర. గోత్రం, పేరు, నక్షత్రం, వరసగా 23 మందివి, కాగితం లేకుండా చెప్పేది. వెనక వరసలో వాళ్లు సణిగితే "ఉండండమ్మా, కువైట్ వాళ్లు ఇంకా మిగిలినారు" అనేది. నా పెళ్లయ్యాక మా ఆయన గోత్రంతో నా పేరు చెప్పించి, ఆగి, "మా గోత్రంలో కూడా ఒకసారి చెప్పు సామీ" అంది. అలా కుదరదమ్మా అన్నారు పూజారిగారు. "దేవునికి తెలుసులే, నువ్వు చెప్పు" అంది. ఆయన నవ్వి చెప్పారు. ఆ తర్వాత ఏటా అంతే.

మాకూ ఊరికీ రెండున్నర గంటల తేడా అని ఆమెకు బాగా గుర్తు. అక్కడ పదిన్నర దాటితే గానీ ఫోన్ చేసేది కాదు. మా ఇల్లు ఎయిర్‌పోర్టుకు దగ్గర కదా, మాట మధ్యలో మోత వినిపించేది. "ఏందే అది?" అనేది. విమానం జేజీ అంటే, "ఎవురి బిడ్డో ఇంటికి పోతాండాదిలే" అనేది. ఇక్కడికి వచ్చే విమానాలు కూడా ఉంటాయని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆమె పోయాక ఊరి నుంచి చెప్పారు: "పెళ్లయిన ఆడపిల్లవి, నీకు మూడు రోజులే మైల." శాస్త్రంతో నాకు తగవు లేదు. అయినా పెద్దకర్మ అయ్యేదాకా అలమారలో రాములవారి పటం ముందు దీపం పెట్టలేదు. మా అత్తమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. ఫోన్‌లో విని, "అన్నేళ్లు నీ పేరు రెండుసార్లు చెప్పించింది గదమ్మా" అంది.

శ్రీరామనవమికి పానకం కలిపాను. మిరియాలు ఎక్కువయ్యాయి, పిల్లలు తాగలేదు. తర్వాత కొన్ని రోజులకు చిన్నమ్మ ఫోన్ చేసింది. కల్యాణానికి బయల్దేరుతున్నారట, అర్చనకు పేర్లు కావాలట. జేజి ఎక్కడా రాసిపెట్టలేదు. నా చిన్నోడి నక్షత్రం ఏమిటని అడిగింది.

"ఉత్తర" అన్నాను.

"నీది ఏ గోత్రంతో చెప్పించమంటావే?"

రెండూ చెప్పాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.